గొడవ ఉన్న సూపర్ హీరో కామిక్‌ను యానిమేషన్ సినిమాగా తీయాలంటే

కామిక్‌లో ఒక దారుణమైన బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో చదివేవాళ్ల ఇష్టం. నచ్చకపోతే పేజీ తిప్పేస్తారు. సినిమాలో ఆ వెసులుబాటు ఉండదు. ఆ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉండాలో, దాని కింద ఏ చప్పుడు వినపడాలో మనమే తేలుస్తాం, కూర్చున్నవాళ్లు భరించాలి. అచ్చులో నాలుగు ఉత్తరాలతో, పది తిట్లతో పోయిన ఘట్టం తెర మీద పెద్ద రభస కావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అందుకని ఇలాంటి కామిక్‌ను సినిమా చేసేటప్పుడు మొదటి పని బొమ్మలు కదిలించడం కాదు. ఏ బొమ్మకు ఎంత సమయం, ఏ శబ్దం అనేది ముందు తేల్చుకోవాలి.

లెక్కలకు వీలుగా ఒక ఊహా కామిక్ అనుకుందాం. 64 పేజీలు. బెజవాడ ఆటోనగర్‌లో వెల్డింగు చేసే కుర్రాడు రాత్రిళ్లు ముసుగు వేసుకుంటాడు. గొడవ మూడు చోట్ల ఉంది: 22వ పేజీలో హీరో చెల్లెలి మీద దాడి, 41వ పేజీలో కొండ కింద జరిగే పోరాటంలో గుడి మెట్లు పగలడం, 60వ పేజీలో లొంగిపోయిన విలన్‌ను హీరో చంపేయడం.

ముందు ఒక పట్టిక

స్క్రీన్‌ప్లే మొదలుపెట్టే ముందు ఒక ఎక్సెల్ షీటు తెరవండి, లేదా పెద్ద సైజు పుస్తకంలో గీతలు కొట్టుకోండి. ఆరు గడులు చాలు: పేజీ, ప్యానెల్ (పేజీలో గీత గీసి విడగొట్టిన ఒక్కో బొమ్మ), ఏం కనిపిస్తోంది, ఎవరికి అభ్యంతరం రావచ్చు, కథకు అది ఎందుకు కావాలి, తీసేస్తే ఏం కూలుతుంది. ఆరో గడి నింపడమే కష్టం. ఏమీ కూలదని తేలితే ఆ ప్యానెల్ మీద ప్రేమ వదిలేసుకోండి. కూలుతుందని తేలితే దాన్ని ఉంచాలా, రూపం మార్చాలా అని అక్కడే రాయండి.

మన ఉదాహరణలో గుడి మెట్లు పగలకపోతే కథకు వచ్చే నష్టం లేదు. ఆ పోరాటాన్ని బ్యారేజీ మీదికి మార్చేయొచ్చు. చెల్లెలి మీద దాడి తీసేస్తే హీరో కోపానికి కారణం ఉండదు, కాబట్టి ఉంచాలి. కానీ ఆ అమ్మాయి హీరోకి కోపం తెప్పించడానికి మాత్రమే ఉందా, ఆ తర్వాత ఆమెకంటూ కథ ఉందా అన్నది విమర్శకులు మొదట అడిగే ప్రశ్న. విలన్‌ను చంపడం తీసేస్తే కామికే లేదు. అది రూపం మారకుండా ఉండాల్సిన సీను. ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు దాని మీదే పెట్టాలి.

బెజవాడ, గుంటూరు నేపథ్యంలో కథ నడుస్తుంటే పట్టికలో మరో గడి పెంచండి: 'ఎవరినైనా గుర్తుచేస్తోందా'. ఇక్కడ ప్రతి రంగుకీ ఒక పార్టీ ఉంది. పసుపు తెలుగుదేశానిది. నీలం, ఆకుపచ్చ కలిస్తే వైఎస్సార్ కాంగ్రెస్. తెలుపు మీద ఎరుపు వేస్తే జనసేన. వస్తువులు ఇంకా ప్రమాదం. సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు మూడూ ఎన్నికల గుర్తులే. విలన్ గదిలో తిరిగే సీలింగ్ ఫ్యాను యానిమేటర్లకు ఇష్టమైన షాటు, ఎనిమిది బొమ్మలతో లూపు పెడితే నిమిషం నడుస్తుంది. విలన్ తల మీద ఆ ఫ్యాను పెట్టి ట్రైలర్‌లో వదిలితే సాయంత్రానికి మీమ్స్ వస్తాయి. ఏసీ పెట్టేయండి, కదిలించే పని కూడా తప్పుతుంది. వరద సీను ఉంటే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి గుర్తుంచుకోండి. ఆ ఇళ్లవాళ్లు కూడా మీ ప్రేక్షకులే.

హక్కులు: ఏడాది గడువు మరవద్దు

1957 కాపీరైట్ చట్టం కింద కామిక్‌లో కథ, మాటలు సాహిత్య రచన. బొమ్మలు కళాకృతి. రచయిత, చిత్రకారుడు వేరైతే ఇద్దరి సంతకాలూ కావాలి. వాళ్లు హక్కులను ప్రచురణ సంస్థకు రాసిచ్చేసి ఉంటే ఆ కాగితం చూసి, అందులో సినిమా హక్కు ఉందో లేదో చదివి, దాన్నిబట్టి సంస్థతో మాట్లాడాలి. రంగులు వేసినవాళ్లు, అక్షరాలు రాసినవాళ్లు జీతానికి చేశారా, విడిగా ఒప్పుకుని చేశారా కూడా కనుక్కోండి. "తీసుకో తమ్ముడూ, మనలో మనకేంటి" అని ఫోన్‌లో అన్నమాట చెల్లదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి.

కాగితంలో మూడు విషయాలు రాయకపోతే చట్టమే వాటిని నింపుతుంది, అదీ మనకు నష్టం వచ్చేలా. కాలం రాయకపోతే 5 ఏళ్లు అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే, అంటే డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఓటీటీలో చూపించే హక్కు లేనట్టు. మూడోది ఎక్కువమంది చూసుకోనిది: వేరేగా రాసుకోకపోతే, హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే అది రద్దయినట్టే. యానిమేషన్ సినిమా ఏడాదిలో తేలే పని కాదు. కాబట్టి 'ఈ ఏడాది నిబంధన ఈ ఒప్పందానికి వర్తించదు, గడువు ఇన్నేళ్లు' అని అంకెతో సహా రాయించండి.

57వ సెక్షన్ కింద రచయితకు మరో హక్కుంది. హక్కులు అమ్మేసినా సరే, తన పరువుకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే కోర్టుకు వెళ్లొచ్చు. వివాదం ఉన్న కామిక్‌లో ఇది ఊరికే ఉండే సెక్షన్ కాదు. సెన్సారు కోసం మీరు ఒక సీను మెత్తబరిచినా, వసూళ్ల కోసం మరో సీను ఘాటు చేసినా రచయిత అడ్డం తిరగొచ్చు. ఇందాకటి పట్టికను ఒప్పందానికి జతచేసి, ఏ ప్యానెల్లో ఏ మార్పు చేస్తామో చూపించి, ప్రతి పేజీ కింద రచయిత, చిత్రకారుల సంతకాలు తీసుకోండి. తర్వాత పేచీ వస్తే పనికొచ్చేది అదే. దీనికి లాయరు ఫీజు పెట్టండి, నెట్‌లో దొరికిన నమూనా కాగితం వద్దు.

64 పేజీల్లో ఎంత సినిమా ఉంది

ఎవరైనా ఒకరు కామిక్ మొత్తాన్ని పాత్రల గొంతుతో పైకి చదవాలి, పక్కన ఇంకొకరు సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకోవాలి. మాటల పేజీ మామూలుగా 60 నుంచి 90 సెకన్లు వస్తుంది. పోరాటం పేజీ ఎలా తీస్తారన్న దాన్నిబట్టి 30 నుంచి 60. పేజీ నిండా ఒకే బొమ్మ ఉంటే 4 నుంచి 6 సెకన్లు. 64 పేజీలకు గంట, గంటా ఐదు నిమిషాలు తేలితే అదే మీ సినిమా నిడివి.

ఇక్కడే కాలు జారుతుంది. థియేటర్‌కు అది చాలదనిపించి కొత్త కథ కలుపుతారు. 1988లో అలన్ మూర్ రాసి బ్రయాన్ బోలండ్ గీసిన 'బ్యాట్‌మన్: ది కిల్లింగ్ జోక్' యాభై పేజీలు కూడా ఉండదు. 2016లో దాన్ని యానిమేషన్ సినిమాగా తీసినప్పుడు బార్బరా అనే పాత్ర కోసం మొదట్లో దాదాపు అరగంట కొత్త కథ కలిపారు. కామిక్‌లో ఆమె మీద తుపాకీ పేలుతుంది, ఆమెకు అంతకుమించి పాత్ర లేదన్నది పాత విమర్శ. దానికి జవాబుగా కలిపిన భాగంలో ఆమెను హీరోతో శారీరక సంబంధానికి ముడిపెట్టడంతో అసలు కామిక్ కంటే ఆ అరగంటే ఎక్కువ తిట్లు తిన్నది. పాత్రకు తెర మీద సమయం పెంచినంత మాత్రాన పాత్ర పెరగదు. మన 22వ పేజీ చెల్లెలికి అరగంట ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు. దాడి తర్వాత ఆమె తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుని, కథను మలుపు తిప్పే రెండు సీన్లు ఉంటే చాలు.

సమయం కావాలంటే ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఉన్న ఖాళీలోంచి తీయండి. ఒక ప్యానెల్లో హీరో గోడ దూకుతాడు, తర్వాతి దాంట్లో విలన్ గదిలో ఉంటాడు. మధ్యలో మెట్లెక్కడం, తలుపు దగ్గర ఒక క్షణం ఆగడం కామిక్ చెప్పలేదు, కానీ కాదనలేదు. 75 నిమిషాల సినిమాకు సగటున షాటుకు 4 సెకన్లు వేసుకుంటే 1,125 షాట్లు కావాలి. పేజీకి 5 ప్యానెళ్ల చొప్పున మీ దగ్గర ఉన్నవి 320. మిగతావన్నీ ఆ ఖాళీల్లోంచే రావాలి.

ప్యానెల్ పైన పెట్టెలో రాసిన హీరో మనసులో మాటలను అలాగే వాయిస్ ఓవర్ చేస్తే సినిమా రేడియో నాటకం అవుతుంది. అయిదింట నాలుగు తీసేయండి. ముఖం చెప్పగలిగింది గొంతు చెప్పక్కర్లేదు.

ఇంటర్వెల్ సంగతి కామిక్ ఆలోచించి ఉండదు. గాంధీనగర్‌లోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా హాలువాళ్లు క్యాంటీన్ కోసం సినిమా ఆపుతారు. మీరు చోటు చూపించకపోతే వాళ్లకు తోచినచోట ఆపుతారు. 22వ పేజీ దాడి మధ్యలో లైట్లు వెలిగితే ఆ దారుణం 'ఇంటర్వెల్ బ్యాంగ్' అయి కూర్చుంటుంది. యానిమాటిక్‌లోనే, అంటే పెన్సిలు బొమ్మలతో ముందు కూర్చుకునే నమూనాలోనే, ఇంటర్వెల్ కార్డు పెట్టేయండి, వివాదాస్పద సీన్లకు కనీసం అయిదు నిమిషాలు అటో ఇటో.

అసలు సీను

60వ పేజీ. విలన్ మోకాళ్ల మీద ఉన్నాడు, చేతులెత్తాడు. హీరో వెల్డింగు రాడ్డు ఎత్తాడు. కామిక్‌లో ఇది ఆరు ప్యానెళ్లు. పాఠకుడికి సిగ్గు కలగాలని రచయిత ఉద్దేశం.

తెలుగు తెర మీద ఈ సీనుకు మొదటి శత్రువు ఎలివేషన్. స్లో మోషన్, కింద నుంచి కెమెరా, వెనక గాలికి ఎగిరే గుడ్డ, డప్పులతో నేపథ్య సంగీతం, వీటిలో ఏ రెండు కలిసినా హాల్లో విజిల్ పడుతుంది. హత్యను తప్పుగా చూపించాలనుకున్న సినిమా దాన్ని పండగలా చూపించినట్టవుతుంది. కామిక్‌ను తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ కలిసి మిమ్మల్ని తిడతారు. కాబట్టి ఈ సీనుకు నిబంధనలు విడిగా రాసి స్టోరీబోర్డు వేసేవాళ్లకీ సంగీత దర్శకుడికీ ఇవ్వండి: కెమెరా కంటి ఎత్తులో, వేగం మామూలు, సంగీతం లేదు, విలన్ ముఖం హీరో ముఖం కంటే ఎక్కువసేపు.

ఫ్రేముల్లో చెప్పాలంటే, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మామూలు పోరాటపు దెబ్బకు ఎత్తడం 6 నుంచి 8 ఫ్రేములు, కొట్టడం 2, తగిలిన క్షణంలో ఆపడం 3 లేదా 4, తర్వాత తూలడం 10 నుంచి 12. ఆ ఆపిన 3 ఫ్రేముల్లోనే దెబ్బ 'గట్టిగా' అనిపిస్తుంది, చూసేవాళ్లకు సరదా కూడా అక్కడే పుడుతుంది. ఈ సీనులో ఆ సరదా తీసేయాలి. రాడ్డు ఎత్తడం 20 ఫ్రేములకు సాగదీయండి, దిగడం మొదలైన రెండో ఫ్రేముకే కట్ చేయండి. తగలడం చూపించొద్దు. చెల్లెలి ముఖం మీద 36 ఫ్రేములు ఉంచండి, దెబ్బ చప్పుడు ఆ షాటులో 8వ ఫ్రేముకు పడనివ్వండి. చప్పుడు బొమ్మ కంటే ఆలస్యంగా వస్తే చూసేవాడు 'కొట్టలేదేమో' అని ఆశపడతాడు. ఆ ఆశ పోవడమే సీను.

చప్పుడు విషయంలో అతి చేయడం మామూలు తప్పు. పుచ్చకాయ పగలగొట్టి రికార్డు చేసిన తడి చప్పుడు వేస్తే కనిపించని రక్తం కూడా కనిపించినట్టే ఉంటుంది. సెన్సారు వాళ్లు చెవులతో కూడా సినిమా చూస్తారు. పొడి చప్పుడు ఒక్కటి, ఆ తర్వాత రెండు సెకన్లు గది నిశ్శబ్దం చాలు. కంప్యూటర్లో పుట్టే పూర్తి శూన్యం వద్దు, దూరంగా లారీ హారన్ లాంటిది ఏదో వినపడుతుండాలి. పూర్తి శూన్యం వస్తే హాల్లో సౌండు పోయిందనుకుంటారు.

కామిక్ కావాలని తేల్చకుండా వదిలేసిన చోట్లను కూడా శబ్దమే తేల్చేస్తుంది. 'ది కిల్లింగ్ జోక్' చివర బ్యాట్‌మన్, జోకర్ ఇద్దరూ నవ్వుతారు, బొమ్మ నేల మీది వాన నీళ్ల వైపు దిగుతుంది, నవ్వు ఆగిపోతుంది. ఎవరి నవ్వు ముందు ఆగింది, ఎందుకు ఆగింది అన్నదాని మీద పాఠకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. కాగితం మీద నవ్వుకు గొంతు లేదు కాబట్టి ఆ వాదన సాధ్యమైంది. సినిమాలో ప్రతి నవ్వుకూ ఒక మనిషి గొంతు ఉంటుంది, ఏది ముందు ఆగితే అది వినపడుతుంది. మీ కామిక్‌లో ఇలాంటి ఖాళీ ఉంటే రెండు గొంతులనూ ఒకేసారి మూడో చప్పుడు కింద ముంచేయండి, రైలో, వానో, ఏదైనా. లేదంటే తేల్చేశామని ఒప్పుకుని తేల్చండి. చేతగాక తేలిపోవడం అధ్వానం.

ఈ సీనుకు యానిమాటిక్ మూడు రకాలుగా చేయండి: దెబ్బ చూపించేది, చూపించనిది, సగం చూపించేది. యానిమాటిక్ అంటే పెన్సిలు బొమ్మలకు తాత్కాలిక గొంతు, చప్పుడు కలిపి సినిమా నిడివితో కూర్చినది, కాబట్టి మూడోది చేయడానికి రెండు రోజులు పడుతుంది. అదే రంగులు వేసిన తర్వాత మార్చాలంటే నెల పడుతుంది. మూడింటినీ మూడు గుంపులకు విడివిడిగా చూపించండి: కామిక్ చదివినవాళ్లు, దాని పేరే విననివాళ్లు, అభ్యంతరం చెప్పిన వర్గంలోని వాళ్లు. గుంపుకు ఎనిమిది మంది చాలు. 'బాగుందా' అని అడగొద్దు. మొహమాటానికి బాగుందంటారు. 'చివర్లో ఏం జరిగింది, చెప్పండి' అనండి. 'హీరో వాడికి బుద్ధి చెప్పాడు' అని ఎక్కువమంది చెబితే ఆ రకం పనికిరాదు.

గీతలు, రంగులు

కామిక్ చిత్రకారుడు ఒక బొమ్మను ఒకసారి గీస్తాడు. మీరు 30,000 సార్లు గీయాలి. కండరాల మీద నీడ గీతలు, బెల్టు మీద పది జేబులు, ముసుగు మీద నగిషీ ఇవన్నీ వదిలేయండి. నిలువెత్తు బొమ్మలో ముఖం 15 గీతల్లో రావాలని హద్దు పెట్టుకుంటే యానిమేటర్లు బతుకుతారు. పాత్రకు ముందు, ముప్పావు, పక్క, వెనక ముప్పావు, వెనక అని 5 వైపుల మోడల్ షీటు, 6 ముఖభావాలు, చేతులకు విడిగా ఒక షీటు. వీపు మీద గుడ్డ ఉన్న హీరో అయితే దాన్ని వీలైనంత పొట్టిగా చేయండి, లేదా కథలో మొదటి పది నిమిషాల్లోనే చింపేయండి. ఆ గుడ్డ కదలికకు పట్టే సమయంలో మరో పాత్ర పూర్తవుతుంది.

రంగు కూడా దారుణాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. 'ది కిల్లింగ్ జోక్' కామిక్‌కు మొదట జాన్ హిగిన్స్ ఘాటైన రంగులు వేశారు. 2008లో బోలండ్ తనే మళ్లీ చప్పటి రంగులు వేసి కొత్త ముద్రణ ఇచ్చాడు. గీతలు దాదాపు అవే, చదివిన అనుభవం వేరు. అందుకని వివాదాస్పద సీను కలర్ స్క్రిప్ట్‌ను (ఏ సీనులో ఏ రంగులో చూపే చిన్న బొమ్మల వరుస) ముందే, సినిమాలో మిగతా సీన్ల పక్కన పెట్టి చూడండి. రక్తం ఎర్రగా ఉండక్కర్లేదు. గది మొత్తం వెల్డింగు నీలంలో ఉంటే రక్తం నల్లగా కనపడుతుంది, అర్థం మాత్రం పోదు.

వెల్డింగు నిప్పురవ్వలు, మెరుపులు ఉన్నాయి కాబట్టి ఒక హెచ్చరిక. తెర మీద వెలుగు సెకనుకు మూడుసార్లకు మించి మెరవనివ్వొద్దు, ముఖ్యంగా ఎరుపు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వేగంగా మారిమారి మెరిసిన కొద్ది సెకన్లకు వందల మంది పిల్లలు మూర్ఛలతో, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. మెరుపును ఒక్కసారి చూపించి మెల్లగా చల్లార్చండి.

గొంతులు

యానిమేషన్‌లో గొంతు ముందు, బొమ్మ తర్వాత. విజయవాడ ఆకాశవాణి నాటకాలు, పరిషత్తు నాటకాలు పెంచిన నటులు గుంటూరు, తెనాలి, బెజవాడల్లో ఇప్పటికీ ఉన్నారు. మైకు ముందు ఊపిరి దాచుకోవడం రేడియో నటులకు తెలుసు. పరిషత్తు నటులకు గొంతు చివరి వరుసదాకా విసరడం అలవాటు, వాళ్లను మైకు నుంచి రెండడుగులు వెనక్కి నిలబెట్టాలి. కృష్ణా, గుంటూరు యాస సహజంగా మాట్లాడేవాళ్లనే హీరోకి తీసుకోండి. విలన్‌కు మాత్రం వేరే ప్రాంతం యాస అంటించకండి, పట్టికలో లేని కొత్త గొడవ అది.

పెదాల కదలికకు ఇంగ్లిష్ పుస్తకాల్లోని మౌత్ చార్టు తెలుగుకు సరిపోదు. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, కాబట్టి వాక్యం చివర నోరు మూసుకోదు, కొద్దిగా తెరుచుకుని ఆగుతుంది. ఇంగ్లిష్ చార్టు పట్టుకున్న యానిమేటర్ ప్రతి మాట చివరా నోరు మూసేస్తాడు, డబ్బింగు సినిమాలా కనపడుతుంది. తొమ్మిది ఆకారాలు గీసుకోండి: ప, బ, మ లకు మూసిన పెదాలు, వ, ఫ లకు పంటి కింద పెదవి, అ కు కొద్దిగా తెరిచిన నోరు, ఆ కు బాగా తెరిచిన నోరు, ఇ, ఈ, ఎ లకు సాగిన నోరు, ఉ, ఊ లకు సున్నా, ఒ, ఓ లకు పెద్ద సున్నా, త, ద, న, ల లకు నాలుక కనిపించేది, ఊరుకున్న నోరు. పెదాలు మూసే అక్షరం శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందు పడితే సరిగ్గా కుదిరినట్టు కనపడుతుంది.

పని లెక్క

75 నిమిషాలంటే 1,08,000 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచితే 54,000 బొమ్మలు. మాటల సీన్లలో ఒళ్లు ఆపి నోరు మాత్రమే కదిలిస్తే 30,000కు దిగుతుంది. యానిమేటర్ వారానికి 10 సెకన్లు ఇస్తాడనుకుంటే పదిమందికి 45 వారాలు, అదీ పండగలు, సెలవులు లెక్కలో లేకుండా. పోరాటం సీన్లు ఆ వేగంతో నడవవు, వాటిని నలుగురు గట్టివాళ్లకు అప్పగించి మాటల సీన్లు కొత్తవాళ్లకు ఇవ్వండి. వివాదాస్పద సీను మొత్తం ఒక్క చేతి మీదే నడవాలి.

సాఫ్ట్‌వేర్ డబ్బు లేదని ఆగక్కర్లేదు. ఓపెన్‌టూన్జ్, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్, క్రిటా మూడూ ఉచితం. థియేటర్‌కు ఇచ్చే డీసీపీని (హాల్లో ఆడించే డిజిటల్ ఫైళ్ల ప్యాకేజీ) డీసీపీ-ఓ-మాటిక్‌తో చేసుకోవచ్చు. తెర కొలత మామూలు వెడల్పు (ఫ్లాట్) అయితే 1998 × 1080, ఇంకా వెడల్పు (స్కోప్) అయితే 2048 × 858 పిక్సెళ్లు. ఇది స్టోరీబోర్డు రోజునే తేల్చాలి, తర్వాత మార్చితే తలలు తెగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండకు రెండర్ మిషన్లు (గీసినవాటిని తుది ఫ్రేములుగా తయారుచేసే కంప్యూటర్లు) వేడెక్కి వేగం తగ్గించుకుంటాయి. ఏసీ గదిలో పెట్టండి, వేళ రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా పెట్టుకోండి, వీడియో ఫైలుగా కాకుండా ఫ్రేముకొక బొమ్మగా రెండర్ చేయండి. కరెంటు పోతే పోయిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలవుతుంది.

సెన్సారు

'బొమ్మల సినిమాకి యూ రాక ఏమొస్తుంది' అనేవాళ్ల మాట వినకండి. బోర్డు చూసేది ఏం చూపించారన్నది, గీసి చూపించారా, నటించి చూపించారా అన్నది కాదు. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యూఏ మూడుగా విడిపోయింది: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. మన ఉదాహరణ సినిమా దెబ్బ చూపించకపోతే యూఏ 16+ కు ప్రయత్నించొచ్చు, చూపిస్తే ఏ వచ్చే అవకాశం ఎక్కువ. ఏ వస్తే టీవీకి ఇవ్వడానికి మార్పులు చేసి వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, తెలుగు సినిమాలు చూసేది హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం. మొదటి కమిటీ నిర్ణయం నచ్చకపోతే రివైజింగ్ కమిటీ. అక్కడా కాకపోతే హైకోర్టు, మధ్యలో ఉన్న అప్పీలు ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు. థియేటర్ లేకుండా నేరుగా ఓటీటీకి ఇస్తే 2021 ఐటీ నిబంధనల కింద వయసు వర్గం ఆ సంస్థే వేస్తుంది. అయినా మత మనోభావాల మీద బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 299, వర్గాల మధ్య వైరం మీద 196 సెక్షన్లు అక్కడా వర్తిస్తాయి.

మామూలు సినిమాలో కట్ చెబితే ఎడిటర్ దగ్గర వాడని షాట్లు ఉంటాయి. యానిమేషన్‌లో వాడని షాటు అంటూ ఉండదు, గీసిందంతా వాడిందే. అందుకే అనుమానం ఉన్న ప్రతి సీనుకూ రెండు మూడు కవర్ షాట్లు, అదే నిడివితో, ముందే గీయించండి: గోడ మీద నీడ, చెల్లెలి చెయ్యి, కిందపడ్డ ముసుగు. నిడివి అదే ఉంటే రీరికార్డింగ్ చెదరదు. మాటలకు కూడా అంతే. తిట్టుకు బదులు పెట్టదగిన, పెదాలు అలాగే మూసుకునే ఇంకో మాట రికార్డింగు రోజునే పలికించి దాచండి.

విలన్ చేతిలో చుట్టో సిగరెట్టో ఉంటే తీసేయండి. బొమ్మ కాల్చినా పొగాకు నిబంధనలు అంతే: సినిమా మొదట్లో, మధ్యలో ప్రకటనలు, కాల్చినంతసేపూ కింద హెచ్చరిక అక్షరాలు. 60వ పేజీ లాంటి సీను కింద ఆ అక్షరాలు పడితే ఎవరూ విలన్ ముఖం చూడరు.

ట్రైలర్ థియేటర్‌లో వేయాలంటే దానికి విడిగా సర్టిఫికెట్ కావాలి. వివాదాస్పద ప్యానెల్‌ను ట్రైలర్‌లో పెట్టొద్దు. రెండు నిమిషాల ముక్కలో దానికి ముందూ వెనకా ఉండదు, సినిమా చూడనివాళ్లే ముందు కేసు పెడతారు. 'వివాదాస్పద కామిక్ ఆధారంగా' అని పోస్టరు మీద గొప్పగా వేసుకోవడమూ వద్దు, రేపు కోర్టులో 'రెచ్చగొట్టే ఉద్దేశం లేదు' అని మీ లాయరు చెప్పేటప్పుడు అవతలి లాయరు తీసేది ఆ పోస్టరునే. రచయిత, చిత్రకారుల పేర్లు మాత్రం ట్రైలర్‌లోనూ, పోస్టరు మీదా, సినిమా మొదట్లోనూ దర్శకుడి పేరంత సైజులో వేయండి. అది ఒప్పందంలో రాసుకున్నారో లేదో ఇప్పుడే తెరిచి చూసుకోండి.